మరకలమ్మ నేర్పిన వరుస

పొద్దున్న ఆరు కొట్టేసరికి మా ఇంట్లో తనిఖీ మొదలయ్యేది. మా వదిన భుజం మీద తడిగుడ్డ వేసుకుని ముందుగదిలోంచి బయల్దేరేది. కిటికీ అంచు మీద చూపుడువేలితో ఒక గీత గీసి, ఆ వేలిని వెలుతుర్లో పెట్టి చూసుకునేది. స్విచ్చుల చుట్టూ పడ్డ వేలిముద్రల్ని, పిల్లలు పెన్సిల్ రాతలు చెరుపుకునే రబ్బరుతో రుద్దేది. తలుపు ఒకసారి వేసి, ఒకసారి తీసి, కిర్రుమంటే బందుల్లో రెండు చుక్కలు నూనె విడిచేది. గోడల దగ్గరికి వచ్చేసరికి నడక నెమ్మదించేది. అరచేత్తో గోడని నిమురుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళేది. అంతా అయ్యాక, "ఊఁ, ఇల్లు ఇల్లులాగే ఉంది" అనేది. ఆ మాట వినబడ్డాక నేను టీ పెట్టేదాన్ని.

ఇప్పుడు ఆరు కొట్టినా మా ఇంట్లో అలికిడి ఉండదు. ఆమె పోయి మూడు నెలలు దాటింది. నాకు మెలకువ వస్తుంది గానీ లేవబుద్ధి కాదు. స్విచ్చుల చుట్టూ నల్లగా అయింది. వంటింటి తలుపు కిర్రుమంటోంది. టీ ఏడున్నరకి పెడుతున్నాను. ఎందుకు ఆలస్యమైందని మా ఆయన అడగడు, నేను చెప్పను.

ఆమె మా ఆయనకి అక్క. వీధి మొత్తానికి మరకలమ్మ. ఆడబిడ్డ అర్ధమొగుడని అంటారు కదా, నేను కాపురానికి వచ్చేటప్పటికే ఆ అర్ధమొగుడు ఇంట్లో ఉంది. పెళ్ళయిన మూడేళ్ళకే ఒక రేకుపెట్టెతో పుట్టింటికి వచ్చేసిందట. ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వచ్చిన నెలకే బస్టాండు దగ్గరి లాడ్జీలో గదులు తుడిచే పనిలో చేరింది. పన్నెండు గదులు, ఇరవైరెండేళ్ళు.

ఒకరు గది ఖాళీ చేసి వెళ్ళాక ఇంకొకరు దిగడానికి మధ్య అరగంట ఉండేదట. ఆ అరగంటలో ఆమె చేయనిది లేదు. దుప్పటి మీద కొవ్వొత్తి మైనం కారితే పైన పాత కాగితం వేసి ఇస్త్రీపెట్టె నడిపేది, మైనం కాగితంలోకి ఎక్కేసేది. బల్ల మీద వేడి గ్లాసు పెట్టిన తెల్లటి వలయాన్ని నూనెలో ఉప్పు కలిపి రుద్ది పోగొట్టేది. తివాచీకి అంటుకున్న బబుల్‌గమ్ మీద ఐసుముక్క పెట్టి, గట్టిపడ్డాక గోటితో లేపేది. అద్దాలకి పాత పేపరు, కుళాయిలకి నిమ్మచెక్క, మొండి సొరుగులకి సబ్బు ముక్క. "ఈవిడ తుడిచిన గదిలో అసలు మనిషన్నవాడు పడుకోలేదనిపిస్తుంది" అని మేనేజరు అందరి ముందూ అనేవాడట. ఆ మాట చెప్పేటప్పుడు మా వదిన మెడ కొంచెం నిటారుగా అయ్యేది. పెద్దగా చదువుకోని మనిషికి అది పట్టా లాంటిది.

లాడ్జీ మానేశాక వీధి ఆమెని వదల్లేదు. ఎదురింట్లో ఉండే దర్జీ ఆవిడ వారానికోసారైనా ఏదో ఒక గుడ్డ పట్టుకొచ్చేది.

"మరకలమ్మా, మా ఆయన చొక్కా కాలరు మీద ఈ ఎరుపేంటో కాస్త చూసి చెప్పు."

మా వదిన చొక్కాని వెలుతుర్లో పట్టుకుని చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "ఏంటో చెప్పాలా, పోగొట్టాలా? రెండూ అయితే నావల్ల కాదు."

"ముందు దీన్ని పోగొట్టు. తర్వాత ఆయన్ని పోగొడతా."

"అయితే నిమ్మకాయ నువ్వు తెచ్చుకో. ఉప్పు నేను పెట్టుకుంటా. మొగుడి సంగతి మాత్రం నా దగ్గర లేదు, వేరే కొట్లో చూసుకో."

దర్జీ ఆవిడ పడీ పడీ నవ్వింది. చొక్కా తెల్లగా వచ్చింది. అది ఏం మరకో మా వదిన చెప్పనేలేదు. ఎవరి మరక గురించీ, ఎవరికీ, ఎప్పుడూ చెప్పలేదు. వీధి ఆమెని నమ్మింది అందుకే.

నాకు ఆమె నేర్పిన పనులు ఒక వరుసలో నేర్పింది. ఆ వరుస ఆమె పెట్టింది కాదు. ఎప్పుడు ఏది అవసరమైతే అది నేర్పింది.

మా ఆయనది కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టే పని. వెంట్రుకంత తీగ. చుట్లు మనసులో చెప్పుకుంటూ చుట్టాలి, ఒకటి తప్పితే మళ్ళీ మొదటికి రావాలి. పొద్దంతా అలా చుట్టి చుట్టి ఇంటికొచ్చేసరికి మనిషి కూడా తీగలాగే అయిపోయేవాడు. పెళ్ళయిన ఆరో నెలలో ఒక సాయంత్రం ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతుంటే, నేను తెలియక మధ్యలో ఏదో అడిగాను. చేతిలోని మంచినీళ్ళ గ్లాసు నా పక్కనుంచి వెళ్ళి గుమ్మానికి తగిలింది.

మా వదిన వంటింట్లోంచి తడి పిండిముద్ద పట్టుకొచ్చింది. మా ఆయన వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. నేల మీద కూర్చుంది.

"పెద్ద పెంకులు చేత్తో తియ్యి. సన్నవి కంటికి కనబడవు, అరికాల్లో దిగాక తెలుస్తాయి. ఇదిగో, ఈ ముద్దని ఇలా అద్దుకుంటూ పో. చూశావా, ఎలా అంటుకున్నాయో!"

నేను అద్దుకుంటూ పోయాను. పని చెబితే ఏడుపు ఆగుతుందని ఆమెకి తెలుసు. అంతా అయ్యాక మెల్లగా అంది. "వాడి చెయ్యి తొందరది, మనసు మంచిది. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది అమ్మాయ్. నోట్లోనే ఉంచుకో."

మొదటిది అది. ఆ తర్వాత కుర్చీ విసిరితే బీరువా తలుపు మీద పొడుగ్గా గీత పడింది. చిక్కటి టీ డికాక్షన్ దూదితో అద్ది, ఆరాక మళ్ళీ అద్ది, మూడోసారికి గీత చెక్క రంగులో కలిసిపోయేలా చేసింది. ఆ తర్వాత పడగ్గది తలుపు గడియ. లోపల గడియ పెట్టుకున్నానని తన్నితే మరలు చెక్కలోంచి ఊడొచ్చాయి. బెజ్జాలు వదులైపోయి మర నిలవలేదు. అగ్గిపుల్లలకి బంక పూసి బెజ్జంలో దోపి, పైకి వచ్చిన కొసలు విరిచేసి, మర బిగించింది. "మునుపటికంటే గట్టిగా నిలిచింది చూడు" అని నాచేత లాగించి చూపించింది. నాలుగోది గోడ. మోటార్లు విప్పే పానా విసిరితే పిడికిలంత గుంట పడింది. సుద్దముక్కలు నూరి బంకతో కలిపి ముద్ద చేసి పూడ్చింది. ఎండాక గరుకు కాగితంతో రుద్ది, సున్నం పూసింది. ఐదోది దిండుగలీబు.

"చన్నీళ్ళు. వేడినీళ్ళు తగలనిచ్చావంటే ఇల్లరికపుటల్లుడే, ఇక కదిలేది లేదు" అంటూ ఉప్పు చల్లి మునివేళ్ళతో నలిపింది. నా కనుబొమ్మ మీద పసుపు పెట్టింది కూడా ఆమే. నా తల ఒళ్ళో పెట్టుకుని జుట్టు చిక్కు తీసింది. అంత మెత్తటి చేతులు నేను మా అమ్మకి కూడా చూడలేదు.

"ఇది లాడ్జీలో నేర్చుకున్నావా వదినా?" అన్నాను.

"లాడ్జీకి ముందు" అంది. చిక్కు తీస్తున్న చెయ్యి ఆపలేదు. నేనూ అడగలేదు.

మాకు ఒక్కతే కూతురు. చిట్టి అంటాం. ఇంట్లో గొంతులు లేస్తున్నాయంటే చాలు, మా వదిన దాని చెయ్యి పట్టుకుని దర్జీ ఆవిడ ఇంట్లో కూర్చోబెట్టి వచ్చేది. "గుండీలు ఏరి పెట్టు, రంగు రంగుకి వేరు వేరుగా" అని చెప్పేది. అది గుండీలన్నీ ఏరి తిరిగొచ్చేసరికి నేల పొడిగా, గోడ తెల్లగా ఉండేది. పిల్ల పెద్దదయింది. మా ఆయనకి షుగరు వచ్చింది, బీపీ వచ్చింది, చేతి తొందర తగ్గింది. పదేళ్ళుగా ఆయన కంచం కూడా గట్టిగా పెట్టడం లేదు.

ఇంక అంతా అయిపోయింది కదా అనుకున్నాను.

మా వదిన పోయింది కూడా పొద్దున్న తనిఖీలోనే. కిటికీ దగ్గర వేలు పైకెత్తి చూసుకుంటూ, అలాగే పక్కకి ఒరిగిపోయింది. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది.

ఆమె పోయిన మూడో వారంలో చిట్టి ఫోన్ చేసింది. పెళ్ళయి అప్పటికి ఏడాది దాటింది. ఊళ్ళోనే, రెండు బస్సులు మారితే వాళ్ళిల్లు. కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. అల్లుడు మందుల కంపెనీ సరుకు చూసుకుంటాడు. మాట మెత్తన, ఇస్త్రీ చొక్కా నలగదు. మా ఆయనకి బాగా నచ్చాడు.

"అమ్మా, తలుపు గడియ మరలు ఊడిపోయాయే. బెజ్జాలు పెద్దవైపోయాయి. అత్త ఏదో చేసేది కదా?"

చెప్పొద్దూ, నాకు సంతోషమేసింది. ఇంట్లో మాట్లాడే మనిషి లేక నోరు ఎండిపోయి ఉన్నాను. వదిన మాటలు నా నోట్లోంచి రావడమే నాకు గొప్పగా అనిపించింది. అగ్గిపుల్లల సంగతి, బంక సంగతి, కొసలు ఎలా విరవాలో కూడా చెప్పాను. "తలుపు గట్టిగా వేస్తున్నట్టున్నారు, కాస్త చూసుకోండి" అని నవ్వాను కూడా. అది నవ్వలేదు. నేను గమనించలేదు.

నెల తర్వాత మళ్ళీ. "గోడకి గుంట పడిందమ్మా. బీరువా జరుపుతుంటే తగిలింది."

సుద్దపొడి, బంక, గరుకు కాగితం. చెప్పాను. చెప్పాక, ఇంట్లో నేర్పుగా ఉంటోంది పిల్ల అని మా ఆయనతో కూడా అన్నాను. "మా అక్క పోలిక" అని ఆయన మురిసిపోయాడు.

ఇంకో ఇరవై రోజులకి ఫోన్ వచ్చింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. "అమ్మా, దిండుగలీబు మీద మరకైతే వేడినీళ్ళా, చన్నీళ్ళా?"

నోటికి వచ్చేసింది. "చన్నీళ్ళు" అనేశాను. అన్నాక అర్థమైంది.

గడియ, గోడ, దిండుగలీబు. అదే వరుస.

"చిట్టీ, ఏం మరకే అది?"

"ముక్కులోంచి వచ్చిందిలే, వేడి చేసింది" అని పెట్టేసింది.

ఆ సాయంత్రం మా ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన మాత్రలు ఒక్కొక్కటే ఏరి డబ్బీలో వేసుకుంటున్నాడు.

"ఏమండీ, చిట్టి ఇంట్లో సరిగ్గా లేదండీ."

"ఏమైంది?"

చెప్పాను. గడియ చెప్పాను, గోడ చెప్పాను, మరక చెప్పాను. ఆయన విన్నాడు. వినకుండా లేచిపోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

"కొత్త కాపురం. ఒకటీ అరా అవుతుంటాయి. మనం వెళ్ళి వేలు పెడితే గోటితో పోయేది గొడ్డలిదాకా వస్తుంది."

"మనింట్లో అయినట్టే అవుతోందండీ."

"మనింట్లో ఏమైంది?" అన్నాడు. నా వైపు తిరిగి మరీ అడిగాడు. "ఎప్పుడో ఒకసారి నోరు జారి ఉంటాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాత్రం లేకుండా ఎలా? నీమీద నేను చెయ్యెత్తే మనిషినేనా? ఈ ఇల్లు చూడు. ఎక్కడైనా ఒక్క గీత చూపించు."

అబద్ధమాడుతున్నాడేమోనని ఆయన మొహంలోకి చూశాను. ఆడటంలేదు. నిజంగానే గుర్తు లేదు. గుర్తుండటానికి ఆయన కళ్ళముందు ఏమీ మిగల్లేదు. రాత్రి గొడవ పడి పడుకున్న మనిషి పొద్దున్న లేచేసరికి ఇల్లు ఇల్లులాగే ఉండేది.

లేచి వెతికాను. పానా తగిలిన చోటు ముందుగది గోడ మీద, కిటికీకి ఎడమపక్కన అని నాకు తెలుసు. తడిమాను, వేళ్ళకి ఏమీ తగల్లేదు. లైటు దగ్గరగా పట్టుకుని చూశాను. నాణెంతో గీరి చూశాను. బీరువా మీద గీత ఏ తలుపు మీద పడిందో కూడా తేల్చుకోలేకపోయాను. గడియ లాగి చూశాను, గట్టిగా ఉంది. నా కనుబొమ్మలో ఉన్న సన్నటి గీత ఒక్కటే దొరికింది. అదీ జుట్టులో కలిసిపోయింది.

"ఏం వెతుకుతున్నావు?" అన్నాడాయన.

"మీ అక్కని" అన్నాను.

రెండున్నర నెలలుగా ఆమె కోసం ఏడుస్తున్న నాకు, ఆ రోజు మొదటిసారి ఆమె మీద కోపం వచ్చింది. ఇంత శుభ్రం ఎవరి కోసం చేశావు వదినా? నా కాలికి గాజుపెంకు దిగకూడదనా, నీ తమ్ముడి పేరుకి మరక అంటకూడదనా? ఇన్నేళ్ళలో వాడిని పట్టుకుని "ఎందుకు విసిరావురా" అని ఒక్కసారి అడిగావా? నేను అడగలేదు, నిజమే. నాకు నోట్లో నాలుక లేదు. నీకు ఉందిగా. వీధిని నవ్వించేంత నాలుక ఉందిగా.

తెల్లారి చిట్టికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆ మర్నాడు మధ్యాహ్నం అదే చేసింది.

"అమ్మా, తొందరగా చెప్పు. గోడ మీద కూర పడింది. పసుపూ నూనే కలిసి దిగిపోయాయి. సబ్బు పెట్టి రుద్దితే ఇంకా పాకుతోంది. నాలుగింటికి మా అత్తయ్య వస్తోంది."

చెప్పడానికి నాకు నిమిషం పట్టదు. నూనె ఉన్న చోట ముందు తడి తగలకూడదు. సుద్దపొడో, మొహానికి రాసుకునే పౌడరో అద్ది గంటసేపు వదిలేస్తే నూనె దాంట్లోకి వచ్చేస్తుంది. తర్వాత నిమ్మరసం. అంతా నాలుక చివరిదాకా వచ్చింది.

"రుద్దకు. వస్తున్నాను" అన్నాను.

మా ఆయన కొట్లో ఉన్నాడు. చెప్పలేదు. రెండు బస్సులు మారి వెళ్ళేసరికి మూడు దాటింది. రెండో అంతస్తు. చిట్టి తలుపు తీసింది. ఎడమ చెంప ఉబ్బి ఉంది, దాని మీద పౌడరు దట్టంగా పూసుకుంది. ముందుగదిలో సోఫా వెనక గోడ మీద కూర, మనిషంత ఎత్తున తగిలి కిందిదాకా కారింది. స్టీలు గిన్నె సొట్టపడి మూలన ఉంది. నేల మీద బకెట్టు, నురగ, చేతిలో స్పాంజి.

"నువ్వు చెబితే చాలు కదా, ఇంత దూరం ఎందుకొచ్చావు?" అంది. అంటూనే స్పాంజి ముంచింది.

"ఎవరు విసిరారు?"

"చేయి జారింది."

"అంత ఎత్తుకా?"

ఇంకా గట్టిగా రుద్దుతోంది. నేను పక్కన కూర్చుని దాని మణికట్టు పట్టుకున్నాను. విడిపించుకుంది.

"అమ్మా, ప్లీజ్. అత్తయ్య చూసిందంటే పరువు పోతుంది. నా కర్మ ఇలా కాలింది. అందరికీ నాన్నలాంటి మొగుడు దొరుకుతాడా?"

నా చెవులు గడియలు పడ్డట్టయ్యాయి.

"ఏమన్నావు?"

"నిజమే కదా. మనింట్లో ఎప్పుడైనా ఇలాంటిది చూశానా నేను? మీరిద్దరూ ఎంత బాగుండేవాళ్ళు. నాలోనే ఏదో ఉంది, ఆయనకి కోపం తెప్పించేది."

ఇన్నేళ్ళూ దీన్ని కాపాడామనే అనుకున్నాం, నేనూ మా వదినా. తన ఇంట్లోనే, తన ఒక్కదానికే ఇలా జరుగుతోందని అది నమ్ముతోంది. మేమిద్దరం కలిసి చేసిన శుభ్రం ఇది.

చెప్పాను. గ్లాసు దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పాను. బీరువా గీత, గడియ, గోడ, దిండుగలీబు. నా తల వంచి కనుబొమ్మలో గీత చూపించాను. అది స్పాంజి పట్టుకునే వింది. నురగ మోచేతి దాకా కారింది.

"నాన్నా?" అంది.

"నాన్నే."

"మరి అత్త నన్ను గుండీలు ఏరమనేది..."

"అందుకే."

నా కనుబొమ్మ వైపు ఇంకోసారి చూసి, "నీకొకటి చెప్పాలి. గడియే మొదటిది కాదు" అంది. "అంతకు ముందు గ్లాసు పగిలింది, కబోర్డు మీద గీత పడింది. అప్పుడు అత్త ఉంది కదా, అత్తకే ఫోన్ చేశాను. గ్లాసప్పుడు పిండిముద్ద అని చెప్పింది. గీతప్పుడు మాత్రం ఫోన్లో చాలాసేపు ఏం మాట్లాడలేదు. కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత, 'టీ డికాక్షన్ చిక్కగా పెట్టు' అంది. 'అమ్మకి చెప్పకు, కంగారుపడుతుంది' అంది."

ఆమెకి తెలుసు. వరుస అందరికంటే ముందు తెలిసింది ఆమెకే. తెలిసి డికాక్షన్ చిక్కదనం చెప్పింది. ఆ చాలాసేపు ఊరుకున్నప్పుడు ఆమె నోట్లో ఏం మాట ఉండి ఉంటుందో నేను ఎన్నటికీ తెలుసుకోలేను. ఆ మాట వచ్చి ఉంటే బాగుండేది. రాలేదు. ఆమెని ప్రేమించినంత నేను ఎవరినీ ప్రేమించలేదు, ఇది కూడా నిజమే. ఈ రెండు నిజాలనీ కలిపి మింగడానికి నాకు గొంతు చాలడంలేదు.

చిట్టి మళ్ళీ బకెట్టు వైపు చూసింది. "సరే అమ్మా, అన్నీ సరే. ఇది మాత్రం ముందు తుడిచేస్తాను. ఆ తర్వాత మాట్లాడుకుందాం."

"తుడిచాక మాట్లాడటానికి ఏముంటుందే? మీ నాన్న నన్ను మొన్న ఒక్క గీత చూపించమన్నాడు. ఇల్లంతా వెతికాను. దొరకలేదు."

అప్పుడే బెల్లు మోగింది, నేను తలుపు తీశాను. వియ్యపురాలు. నాలుగింటికి రావాల్సింది, పది నిమిషాలు ముందే వచ్చింది. అరటిపళ్ళ సంచీ గుమ్మంలోనే ఆగిపోయింది. గోడ చూసింది, గిన్నె చూసింది, కోడలి చెంప చూసింది. ఏమైందని అడగలేదు. అడగకపోవడం నేను గమనించాను.

"మీరెప్పుడొచ్చారు వదినగారూ?" అని నన్ను పలకరించింది. చెప్పులు విడిచి, సంచీ బల్ల మీద పెట్టి, నేరుగా పడగ్గదిలోకి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో పౌడరు డబ్బా ఉంది.

"నీళ్ళు పెట్టావా? అయ్యో, నూనెకి ముందు తడి తగలకూడదమ్మా. పొడి అద్దాలి. గంటసేపు ఉంచితే మొత్తం లాగేస్తుంది. వాడొచ్చేసరికి అయిపోతుంది, జరుగు" అంటూ కొంగు బొడ్లో దోపి, సోఫా లాగబోయింది.

పసుపూ నూనే కలిసిన మరకని గోడ మీంచి ఎలా తియ్యాలో ఆవిడ ఎవరినీ అడగక్కర్లేదు. చెయ్యి దానంతటది వెళ్ళిపోతోంది. ఏ గోడ దగ్గర నేర్చుకుందో, అప్పుడు ఆ ఇంట్లో ఎవరు విసిరేవాళ్ళో నేనూ అడగక్కర్లేదు.

"వద్దు వదినగారూ. ఉండనివ్వండి" అన్నాను.

"ఎన్నేళ్ళ నుంచో రంగు వెయ్యని గోడండీ, పట్టేస్తుంది. కింద ఇంటివాళ్ళు పైకొస్తే ఏమనుకుంటారు?"

"చూసి ఏమనుకోవాలో అదే అనుకుంటారు."

"ఇంటి గుట్టు లంకకి చేటని..." అని మొదలుపెట్టింది. సగంలో ఆగిపోయింది. చేతిలో డబ్బా మూత సగం తెరిచి ఉంది. చిట్టి లేచి నిలబడింది. స్పాంజి బకెట్టులో పడేసింది, తుడుచుకోని చేత్తోనే అత్తగారి చేతిలోని డబ్బా తీసుకుంది. మూత బిగించింది.

"కూర్చోండి అత్తయ్యా" అంది.

"వాడు ఐదింటికల్లా వచ్చేస్తాడే..."

"రానివ్వండి. వచ్చి చూడనివ్వండి. ఇన్నిసార్లూ నేనే చూశాను, ఆయన ఒక్కసారీ చూడలేదు. చూశాక అమ్మతో వెళ్తాను."

వియ్యపురాలు నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. సోఫాలో ఒక చివరగా, గోడకి ఆనుకోకుండా ముందుకు వంగి కూర్చుంది. నేను ఇంకో చివర కూర్చున్నాను. చిట్టి లోపలికి వెళ్ళి నాలుగు జతలు సంచీలో పెట్టుకుంది. మొహం కడుక్కుంది. పౌడరు పోయి చెంప నల్లగా కమిలి కనిపించింది. మళ్ళీ పూసుకోలేదు.

మా వెనక గోడ మీద నూనె ఇంకా నెమ్మదిగా దిగుతూనే ఉంది. సబ్బు పెట్టిన చోట పచ్చగా పాకింది. ఇప్పుడు పొడి అద్దితే పోతుంది. సాయంత్రానికైతే నిమ్మరసంతో సగం పోతుంది. రేపటికి గోడలోకి ఇంకిపోతుంది, తర్వాత ఏం చేసినా పోదు. నాకు తెలుసు, వియ్యపురాలికి తెలుసు, చిట్టికి తెలుసు. ఐదు దాటుతుండగా కింద అల్లుడి బండి ఆగింది. ముగ్గురం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం.